చాప మీద చోటు

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. ఎమ్మిగనూరులో రెండు చోట్ల పేకాటకు రమ్మన్నారు. ఎక్కడ కూర్చోవాలో తేలక, సగం దారి ఫోనులో స్నేహితుడి బుర్ర తిన్నాను. ఫోను పెట్టేశాక పక్కసీటు పెద్దాయన నెమ్మదిగా కదిలించాడు.

"యాడ కూసోవల్లనో తెలీక సతమతమైతాండావా అప్పా?"

సిగ్గుపడుతూనే తల ఊపాను.

"పోతానే ముక్కల దిక్కు సూడొద్దు, మనుషుల దిక్కు సూడు. నిన్ను పట్టించుకోకుండా వాళ్ల ఆట వాళ్లు ఆడుకుంటాంటే కూసో. గబగబా జరిగి సాప మీద సోటిచ్చినారంటే, వచ్చిన దోవనే ఎనక్కి రా."

"మీరూ ఆడతారా?"

ఆయన కిటికీలోంచి పత్తి చేల వైపు తల తిప్పుకున్నాడు.

"నాకు శానా మర్యాదగా సోటిచ్చినారప్పా."

ఊళ్లో దిగి, దగ్గరున్న చోటికే ముందు వెళ్లాను. మగ్గాలు తీసేసిన పాత గది అది. నన్ను చూడగానే చాప మీద నలుగురూ నవ్వుతూ ఒకేసారి జరిగారు.

అప్పటికే ఒక చెప్పు విప్పేశాను. విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కోవడం అంత కష్టమని ఆ రోజే తెలిసింది.