తలుపు మీద బాపు మార్కులు

నా చిన్నప్పుడు వరంగల్ మట్టెవాడలోని మా ఇంటి తలుపుకు లోపలివైపు సుద్దముక్కతో రాసిన అంకెలు వరుసగా ఉండేవి. ఇరవై, ఇరవై, ఇరవై ఐదు, ముప్పై. అవి నా మార్కులు కావు, మా బాపువి. నేనప్పుడు ఆరో తరగతి. లెక్కల్లో నాకెప్పుడూ అత్తెసరు మార్కులే. ఇంట్లో ఒక్కరికైనా అంకె పెరుగుతోందని మా అమ్మ మురిసిపోయేది.

బాపు సాంచెల షెడ్డులో పనిచేసేవాడు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. ఎనిమిది సాంచెలు ఆయన చేతికింద నడిచేవి. అవన్నీ దడదడలాడుతుంటే పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు కాబట్టి షెడ్డులో వాళ్లంతా పెదవులు చూసే మాట్లాడుకునేవారు. అంత రొదలోనూ, దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఏ సాంచెలో తేడాగా కొట్టుకుంటోందో బాపు వెనక్కి తిరక్కుండానే పసిగట్టేవాడు. బట్ట చెడకముందే వెళ్లి ఆపేవాడు. సేటు ఆయనకు ఎనిమిది సాంచెలు అప్పజెప్పింది ఆ చెవిని చూసే.

మా పక్కింట్లో ఒక లెక్చరర్ సారు అద్దెకుండేవాడు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. ఆయన గొంతు పెంచగా నేను ఒక్కసారి కూడా వినలేదు. ధ్వనిశాస్త్రం మీద ఒక పెద్ద విదేశీ పత్రికలో తన పరిశోధన అచ్చు కావాలని ఆయన కోరిక. దానికి రోజంతా చప్పుడులో బతికే మనిషి చెవి ఒకటి కావలసి వచ్చింది. బాపు దగ్గరికి వచ్చి, ఇంత మంచి చెవి నేనెక్కడా చూడలేదని పొగిడాడు. పొగడ్త అంటే తెలియని ఇల్లు మాది. బాపు ఆ పూటే ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున సారు ఒక చిన్న పెట్టె పట్టుకుని వచ్చేవాడు. దానికి తిప్పే చక్రం, చక్రం చుట్టూ అంకెలు ఉండేవి. బాపు గోడవైపు తిరిగి స్టూలు మీద కూర్చుని, చెవులకు ఆ పెట్టె తాలూకు డిప్పలు పెట్టుకునేవాడు. సారు చక్రాన్ని చిన్న అంకె నుంచి మెల్లగా పెంచుతూ పోతే లోపల సన్నటి కూత వచ్చేదట. అది వినపడగానే బాపు వేలెత్తాలి. అప్పుడు చక్రం ఎక్కడుందో సారు చదివేవాడు, నేను నోటుబుక్కులో రాసేదాన్ని. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆ పని నాకిచ్చాడు. సారు వెళ్లాక అదే అంకెను తలుపు మీద కూడా ఎక్కించేదాన్ని.

అవి మార్కులని నాకెవరూ చెప్పలేదు. పెరిగే అంకె ఏదైనా మంచిదేనని నాకు బడి నేర్పింది. ముప్పై దాటి ముప్పై ఐదు వచ్చిన రోజున అమ్మ సర్వపిండి చేసి సారుకు పెట్టింది. నలభై దాటినప్పుడు బాపు ఆ సంగతి చాయ్ హోటల్లో నలుగురికీ చెప్పుకున్నాడు. ఆయనతో పనిచేసే ఒకాయన తనకూ పరీక్ష పెట్టమని సారును బతిమాలాడు కూడా. సారు ఒక ఆదివారం తలుపు మీది అంకెలన్నీ నిదానంగా చదివాడు. చదివి నా తల నిమిరి, "మంచిగ రాసినవ్ బిడ్డా, ఒక్క వారం కూడ తప్పియ్యకు" అన్నాడు. ఆ చెయ్యి ఇంకా నా తలమీదే ఉన్నట్టు అనిపిస్తుంది. కడుక్కుంటే పోయేది కాదది.

ఆ రోజుల్లోనే బాపు మారిపోయాడు. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. కుక్కర్ కూతేసినా లేచేవాడు కాదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం టక్కున జవాబిచ్చేవాడు, పెదవులు చూసే అలవాటు ఉంది కదా. అందుకని మాకెవరికీ అనుమానం రాలేదు. "మార్కులొచ్చినకాంచి మీ బాపుకు నీలుగుడు ఎక్కువైంది, పిలిస్తె పలుకుతలేడు" అని అమ్మ నాతో అనేది. నేనూ అలాగే అనుకున్నాను. ఒకసారి కోపం పట్టలేక ఆయన వీపు మీద గుద్దాను కూడా. ఉలిక్కిపడి తిరిగి, ఏమైంది బిడ్డా అని నవ్వాడు.

రెండేళ్లు నిండాక ఒక సాయంత్రం సారు కలాకంద్ డబ్బాతో, నున్నటి కాగితాల పత్రికతో వచ్చాడు. ఆయన వ్యాసం అచ్చయింది. బాపు ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. సారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పేజీ తిప్పి, అందులో మెట్లు మెట్లుగా పైకి ఎక్కుతున్న ఒక నల్లగీత చూపించి, ఇది మీ బాపే అన్నాడు. నా ఒళ్లు పొంగిపోయింది. "అయితె మా బాపు ఫస్టొచ్చిండా సార్?" అని అడిగాను.

సారు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పిల్లల అమాయకత్వానికి పెద్దవాళ్లు నవ్వే నవ్వే. "పిచ్చి పోరీ, అంకె పెరిగిందంటె చెవి పోయినట్టు. ఎంత పెద్దగ కూస్తె గాని మీ బాపుకు ఇనపడతలేదో ఆ లెక్క ఇది" అన్నాడు. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తె చెవుల్ల దూది పెట్టుకునేటోడు, లేకుంటె పని మానేటోడు. అప్పుడు గీత గిట్ల పోతదా? పేపర్ అచ్చయితదా?" అన్నాడు, వినలేని మనిషి ముందు ఏం మాట్లాడితే ఏమన్న ధీమాతో.

రెండేళ్లు ఆ చెవిని కొలిచిన మనిషి ఒక్క సంగతి మరిచిపోయాడు. బాపు కళ్లు సారు పెదవుల మీదే ఉన్నాయి.

బాపు లేచాడు. కొడతాడేమోనని నాకు భయం వేసింది, కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన పత్రికను చేతిలోకి తీసుకుని ఆ గీతను కింది నుంచి పై దాకా వేలితో దిద్దాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "సారూ, పోరికి చెప్పిన మాట నాకు గూడ చెప్పుండ్రి. జర నా దిక్కు తిరిగి."

సారు తిరగలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కలాకంద్ డబ్బా అక్కడే ఉండిపోయింది, దాన్ని అమ్మ మోరీ కాలువలో పారబోసింది. మర్నాడు దవాఖానకు తీసుకుపోతే, పోయిన చెవి తిరిగి రాదని, మొదట్లోనే వచ్చుంటే కొంతైనా నిలిచేదని డాక్టరు చెప్పాడు. ఆ మొదట్లోని అంకెలు నా చేతిరాతతో మా తలుపు మీదే ఉన్నాయి. ఆ ఏడే ఒక సాంచెలో నాడె తప్పి పది గజాల బట్ట చెడింది, బాపుకు తెలియలేదు. సేటు ఆయన్ని సాంచెల మీదినుంచి తీసేసి అదే షెడ్డు ఊడ్చే పనిలో పెట్టాడు. చనిపోయేదాకా అదే పని.

సారుకు ప్రమోషన్ వచ్చింది, వరంగల్ విడిచిపోయాడు. నేను కసిగా ఆ ధ్వనిశాస్త్రమే చదివాను. అయితే నా మొదటి వ్యాసం అచ్చువేయించుకునే రోజు వచ్చేసరికి, చప్పుడుకూ చెవికీ సంబంధించిన ఆ విషయంలో ఆయన వ్యాసాన్ని పేర్కొనక తప్పలేదు. ఆయన కొలతలు సరైనవే మరి. రాసింది నేనే కదా. నా వ్యాసం చివర ఆయన పేరు ఉంది, బాపు పేరు ఆయన వ్యాసంలోనూ లేదు, నా దాంట్లోనూ లేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఇప్పుడు పరిశోధన పత్రికలవాళ్లు ఈ విషయం మీద వచ్చిన వ్యాసాలను అచ్చువేయవచ్చో లేదో చెప్పమని నాకు పంపుతుంటారు. నేను రాక్షసినని కుర్రకారులో పేరు. నిజమే, నాకు జాలి తక్కువ. కొలతలు ఎంత బాగున్నా, పైకి ఎక్కే గీత కనపడగానే నా చెయ్యి ఆగిపోతుంది. ఆ గీత ఎవరిదో ఆ మనిషికి చెవి పోతోందన్న మాట ఏ రోజున చెప్పారు, వాళ్ల దిక్కు తిరిగి చెప్పారా అని అడుగుతాను. జవాబు రాకపోతే వ్యాసం తిప్పి పంపేస్తాను.