ముందే టిక్కు పెట్టిన తొమ్మిది పేర్లు

ఈ ఉదయం గుడియాత్తం బస్సులో పక్కన కూర్చున్నామె నుదుటికి నీలగిరి తైలం రాసుకుంది. ఆ ఘాటుకు, రోజూ అదే రాసుకునే వసంతక్క గుర్తొచ్చింది. వేలూరులో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు ఆమెది. నా మొదటి ఉద్యోగం అక్కడే. రోజంతా ఆమెతో పది మాటలు మాట్లాడితే గొప్ప. మిగిలినవి డైరీకే చెప్పుకునేదాన్ని. తెలుగు చక్కగా మాట్లాడే అక్కకు మన లిపి చదవడం రాదు. "ఏం రాస్తాండావో, నన్నే తిడతాండావేమో!" అని నవ్వేది.

గుడియాత్తంలో కంటి శిబిరం పెట్టేవాళ్ళకు ఒక పేజీ చేశాను. వరసగా పేర్లు, పక్కన టిక్కు పెట్టే చెక్‌బాక్సు గడులు, అన్నిటికంటే పైన ‘అందరూ’ అని ఒకటి. అది నొక్కితే అందరికీ టిక్కు పడాలి. టిక్కు ఉన్నవాళ్ళకు శిబిరానికి రమ్మని మెసేజ్ వెళ్తుంది. జావాస్క్రిప్ట్‌లో నాలుగు వరసల కోడు రాసి, గడులన్నీ ఖాళీగా ఉండగా ‘అందరూ’ నొక్కి చూశాను. అన్నీ నిండాయి. మురిసిపోయాను.

శిబిరానికి ముందురోజు మధ్యాహ్నం అక్కడి నర్సు ఫోన్ చేసింది. వెంటనే ఆపరేషన్ కావలసిన తొమ్మిదిమందికి ముందే చేత్తో టిక్కు పెట్టి, తర్వాత ‘అందరూ’ నొక్కి పంపేసిందట. ‘అందరూ’ నొక్కితే ప్రతి గడినీ ఉన్నదానికి వ్యతిరేకంగా తిప్పెయ్యమని రాశాను నేను. ఖాళీవి నిండాయి, ఆ తొమ్మిదీ ఖాళీ అయ్యాయి. అందరికంటే అవసరమైనవాళ్ళకే పిలుపు వెళ్ళలేదు.

గబగబా కోడు తెరిచాను. అక్క నా కీబోర్డు పక్కకు జరిపింది.

"అది యాడికీ పోదులే. ముందు వాళ్ళకు ఫోన్ చెయ్యి."

"నాకు మాట్లాడేది రాదక్కా. మీరే చెయ్యండి."

"తప్పు నువ్వు చేసి, తిట్లు నన్ను తినమంటావా?" నవ్వుతూనే ఫోన్ నా చేతిలో పెట్టింది. "నాలుగు నేను చేస్తా. అయిదు నీవి."

ఒడుగత్తూరు అవ్వ మూడోసారికి ఎత్తింది. రేపు రమ్మన్నాను.

"పక్కింటామెకు వచ్చింది, నాకు రాలేదు. ముసిలిదానికి ఇంక చూపెందుకు అనుకున్నారేమో అనుకుంటిని, అమ్మా."

"కాదవ్వా! తప్పు నాది. మీ పేరే అందరికంటే ముందుండాది" అన్నాను. కొత్తవాళ్ళతో అంత గట్టిగా మాట్లాడటం నాకు అదే మొదలు.

విరించిపురం తాత ఎంతకీ ఎత్తకపోతే, ఆయన ఇంటికి అక్కే స్కూటర్ మీద వెళ్ళొచ్చింది. వచ్చాక నా పక్కన కుర్చీ లాక్కుంది. "ఒక్కోదాన్నీ తిప్పొద్దు. పైగడి యెట్లుండాదో కిందివన్నీ అట్లే ఉండాలని చెప్పు." ఒక్క వరస మారింది, అంతే. మర్నాడు తొమ్మిదిమందీ వచ్చారు.

అక్క ఆఫీసు మూసేసి హోసూరు వెళ్ళిపోయింది. నేను మాత్రం ఏ ఫారం రాసినా ఖాళీ గడులతో పరీక్ష మొదలుపెట్టను. నాకంటే ముందే ఎవరో వచ్చి, కొందరిని జాగ్రత్తగా ఏరి పెట్టి ఉంటారనుకుంటాను. ఆ కొందరికీ చేత్తో టిక్కు పెట్టిన తర్వాతే పైగడి నొక్కుతాను.