ముందు సీటు రెండైన రోజు

ఈమధ్య మా స్కూల్లో ఒక కుర్ర మాస్టారు ఫోనులో పాత అంబాసిడర్ కారు ఫొటో చూపించి, "చూడండి మేడం, ముందు కూడా బెంచీ సీటే. ముగ్గురు హాయిగా కూర్చునేవారట. ఆ రోజులే వేరు కదండీ" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా "అబ్బ" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ రోజులు వేరే, కాదనను. కానీ హాయిగా కూర్చున్న ఆ ముగ్గురిలో నేనెప్పుడూ లేను. బెంచీ సీట్లు పోయాయని ఎవరు కన్నీళ్ళు పెట్టుకున్నా పెట్టుకోనీ, నా మట్టుకు నాకు పీడా పోయింది.

మా అత్తవారిది మామిడికుదురు దగ్గర ఒక పల్లె. నేను కాపురానికి వచ్చేసరికి ఇంటి ముందు పందిట్లో తెల్ల అంబాసిడర్ ఉండేది. మావయ్యగారే నడిపేవారు. డ్రైవరుని పెడితే గేర్లు విరగ్గొట్టేస్తాడని ఆయన భయం. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి, ముందు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా అడ్డమన్నది లేకుండా ఒకటే సీటు. పైన రెక్సిను, లోపల స్ప్రింగులు, వాటి మీద మా కోనసీమ కొబ్బరి పీచే. మావయ్యగారు పెడళ్ళు అందడానికి సీటు ముందుకు లాక్కున్నారంటే పక్కనున్నవాళ్ళు కూడా మోకాళ్ళు ముడుచుకుని ముందుకు రావాల్సిందే.

ఆ సీటు మగవాళ్ళది. అలాగని ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు. మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది, అంతే. కోడలు మావగారితో ఒకే మంచం మీద, ఒకే బల్ల మీద, ఒకే చాప మీద కూర్చోకూడదు. వేరే కుర్చీ అయితే తప్పులేదు. పక్కపక్కన వేసినా తప్పులేదు. ఆసనం ఒకటి కాకూడదు. కారులో ముందున్నది ఒకటే ఆసనం, దాని మీద మావయ్యగారున్నారు, కాబట్టి నేను వెనక. అత్తయ్యగారు కూడా వెనకే. "పెళ్ళినాడు పక్కన కూర్చుని ఊరేగేను కదమ్మా, రోజూ ఊరేగాలా ఏంటి?" అనేవారు.

ఇంకో పట్టింపు, మావయ్యగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, "అమ్మాయిని మంచినీళ్ళు తెమ్మను" అని అత్తయ్యగారితో చెప్పేవారు. అది కోపం కాదు, ఆయన లెక్కలో మర్యాద. నేను బీఈడీ చదువుతానంటే ముందు సరే అన్నది ఆయనే. ఆ సరే అన్నమాట కూడా అత్తయ్యగారి ద్వారానే నాకు చేరింది.

నాకొచ్చిన కష్టమల్లా ఒకటే. వెనక సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పేది. కాలవ గట్టు మలుపులు, పెట్రోలు వాసన, కళ్ళ ముందు ముందువాళ్ళ వీపులు. మా కోనసీమ గన్నవరం వచ్చేసరికి నోట్లో నీళ్ళూరేవి, కొత్తపేట వచ్చేసరికి కారు ఆపాల్సిందే. ఎన్ని పెళ్ళిళ్ళకి పట్టుచీర మీద మరకతో వెళ్ళానో నాకే తెలియదు. బస్సులోనూ అంతే. మా అన్నయ్యకి జీపు ఉన్న రోజుల్లో మాత్రం, ముందు కూర్చుని పుట్టింటి నుంచి రాజమండ్రి దాకా వేరుశెనక్కాయలు తింటూ వెళ్ళేదాన్ని. ఎదురుగా రోడ్డు కనబడితే నాకు ఏమీ కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

అన్నిటికంటే కడుపు మండే సంగతి చెప్తాను. మగవాళ్ళెవరూ రానిరోజున ముందు సీటు ఖాళీగా ఉండేది. అయినా నేనూ అత్తయ్యగారూ సంచులతో సహా వెనకే. ఒకసారి మావయ్యగారు ఎవరికో ఇవ్వాలని కొబ్బరికాయల బస్తా తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ బస్తా దర్జాగా కిటికీ గాలి పోసుకుంటూ వస్తోంది. వెనక నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను. కొబ్బరికాయలకి ఉన్న యోగం నాకు లేదు.

అలాగే వెనక కూర్చుని, టీచరు ఉద్యోగాల పరీక్షకి రాజమండ్రి వెళ్ళాను. మధ్యలో రెండుచోట్ల కారు ఆపారు. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం అక్షరాలు కాలవలో నీళ్ళలా కదులుతుంటే, వచ్చినవి కూడా రాయలేకపోయాను. కొద్దిలో పోయింది. "పోనీలే అమ్మా, మళ్ళీ రాద్దువుగాని" అన్నారు అత్తయ్యగారు. మళ్ళీ అంటే మాటలా? వయసు దాటిపోతోంది. ఆ తరవాతిసారి నోటిఫికేషను పడేసరికి, ఇక నాకు మిగిలింది ఆ ఒక్క అవకాశమే. మళ్ళీ రాజమండ్రిలోనే సెంటరు పడింది.

మా ఆయన అప్పుడు కువైట్‌లో ఉండేవారు. ఫోనులో చెప్పాను, ముందు కూర్చోనివ్వమని మీ నాన్నగారికి ఒక్కమాట చెప్పండి అని. "నాన్నకి నేనెలా చెప్తానే? నువ్వే అమ్మతో అను" అన్నారు. సముద్రాలు దాటినవాడు కూడా ఆ సీటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

సరే, నేనే అన్నాను. పరీక్షకి నాలుగు రోజులుందనగా, మావయ్యగారు వీధి అరుగు మీద పేపరు చదువుకుంటుంటే, ఆయనకి వినబడేలాగే అన్నాను.

"అత్తయ్యగారూ, ఈసారి నేను వెనక కూర్చోనండి."

"మరెక్కడ కూర్చుంటావే? టాపు మీదా?"

"ముందు కూర్చుంటానండి."

"మావగారి పక్కనా! ఒకే సీటు మీదా!"

"ఆయ్."

అత్తయ్యగారు బుగ్గలు నొక్కుకున్నారు. నేను ఆగలేదు. "పోయినసారి కక్కుకుంటూ వెళ్ళి పరీక్ష పోగొట్టుకున్నానండి. ఈసారీ అలాగే అయితే ఇక నా చదువంతా గంగపాలే. ఏ ఆసనం మీద కూర్చున్నానో పరీక్ష పెట్టేవాళ్ళు అడగరండి" అన్నాను.

అరుగు మీద పేపరు మడత పెట్టిన చప్పుడు వినబడింది. అత్తయ్యగారే మనసు కరిగి, రాత్రి అన్నాల దగ్గర, మధ్యలో బాలీసు పెడితే తప్పుండదేమో అన్నారు. "దిండు పెడితే సీటు రెండవుతుందా? రెండయితే రెండూ, ఒకటయితే ఒకటీ" అని మావయ్యగారు కొట్టిపారేశారు. అయిపోయింది, నా ఖర్మ ఇంతే అనుకుని పడుకున్నాను.

మర్నాడు గురువారం. పొద్దున్నే మా ఊరి వడ్రంగి పెద్ద రంపంతో వచ్చాడు. మావయ్యగారు బెంచీ సీటు ఊడదీయించి పందిట్లో పెట్టించారు.

"మంచి సీటండీ, కోసేయమంటారా?" అన్నాడు వడ్రంగి.

"ఆయ్. సరిగ్గా మధ్యకి."

నేనూ అత్తయ్యగారూ గుమ్మంలో కొయ్యబారిపోయాం. కోడలు మావగారి సీటు మీద కూర్చోకూడదు, కోడలు ముందు కూర్చోవాలి. రెండూ జరగాలంటే ఆయనకి తోచిన దారి అది. పట్టింపు చెడగొట్టడానికి మనసొప్పలేదు, మంచి సీటు కోయడానికి మాత్రం ఒప్పింది. ఈ తెలివి మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు.

చెక్క చట్రం తెగింది, ఇనప బద్దని పక్కింటి వాళ్ళ హేక్సా బ్లేడుతో కోశారు. స్ప్రింగులు టింగుటింగుమని పైకి లేచాయి. పీచు పందిరంతా ఎగిరింది. రెండు ముక్కల్నీ మళ్ళీ కారులో బిగించి, మావయ్యగారు గర్వంగా ఎక్కి కూర్చున్నారు. అంత సీటుకీ కింద ఈ చివరొకటి, ఆ చివరొకటి రెండే పట్టాలు. కోశాక ఒక్కో ముక్కకి ఒక్కోటే మిగిలింది. ఆయన కూర్చోగానే ఆ ముక్క మధ్యకి వాలిపోయింది. ఎలా ఉందో చూద్దామని ఆ పక్క వడ్రంగిని కూర్చోబెడితే వాడు ఇటు వాలాడు. ఇద్దరి తలకాయలూ ఠపీమని కొట్టుకున్నాయి.

అత్తయ్యగారు నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తారు. నాకు నవ్వు రాలేదు. పరీక్ష ఆదివారం. ఇప్పుడు ముందు సీటు మాట దేవుడెరుగు, కారుకే సీటు లేదు. గదిలోకి వెళ్ళి, పుస్తకం మొహాన కప్పుకుని ఏడ్చాను.

శుక్రవారం తెల్లారేసరికి మావయ్యగారు ఆ ముక్కలు తీసి పారేసి, ముక్కాలిపీట ఒకటి తాళ్ళతో కట్టుకుని, దాని మీద కూర్చుని కారు తీశారు. "ఈ వయసులో ఈ సర్కసేంటండీ!" అని అత్తయ్యగారు వీధి చివరిదాకా వెంటపడ్డారు. ఆయన ఆగలేదు. అమలాపురంలో సీట్లు కుట్టేవాళ్ళ షెడ్డు ముందు అలా దిగిన మనిషిని చూసి ఎంతమంది నవ్వారో ఏమో. ఆయన మళ్ళీ ఇంటికొచ్చింది శనివారం సాయంత్రం. కారులో ముందు, మధ్యలో జానెడు ఖాళీతో, విడివిడిగా రెండు సీట్లు.

దిగుతూనే అత్తయ్యగారితో అన్నారు. "అమ్మాయికి చెప్పు, రెండు కుర్చీలు వేయించేను. ఇప్పుడు తప్పులేదు."

ఆదివారం చీకటితోనే బయలుదేరాం. నేను ముందు కూర్చున్నాను! నా సీటు నాదే, ఆయన ముందుకు జరిగినా నా మోకాళ్ళు నా చోటే ఉన్నాయి. అద్దంలోంచి రోడ్డంతా నాకోసమే వేసినట్టుంది. గన్నవరం వచ్చింది. నోట్లో నీళ్ళూరలేదు. మావయ్యగారు కళ్ళు రోడ్డు మీదే ఉంచి, "తిప్పుతోందేమో అమ్మాయిని అడుగు" అన్నారు. వెనక నుంచి అత్తయ్యగారు, "ఏమే, తిప్పుతోందా?" "లేదండీ." "లేదుటండీ." కొత్తపేటలో మళ్ళీ అదే వరస. రావులపాలెం వంతెన మీద గోదావరి గాలి కొడుతుంటే నాకు పాఠాలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. పరీక్ష హాల్లో ఒక్క అక్షరం కూడా కదలలేదు.

ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే మామూలుగానా, మంచి ర్యాంకుతో వచ్చింది. ఆలమూరు వైపు స్కూల్లో మొదటి పోస్టింగు. ఆనాడు ఇంట్లో చేసిన పాయసం నేనే సగం తాగాను, ఎవరేమనుకున్నా సరే.

తరవాత చాలా జరిగాయి. అంబాసిడర్ పోయింది, బెంచీ సీటున్న కార్లే రోడ్ల మీద కనబడకుండా పోయాయి. నేను డ్రైవింగు నేర్చుకుని నా జీతంతో చిన్న కారు కొనుక్కున్నాను. మా ఆయన కువైట్ నుంచి వచ్చేసి తోట చూసుకుంటున్నారు. మావయ్యగారికి చూపు తగ్గి నడపడం మానేశారు. కానీ నా కారులో కూడా ఆయన చోటు ముందే. అత్తయ్యగారు వెనకే. ఆయన నాతో మాట్లాడేది ఇప్పటికీ ఆవిడ ద్వారానే.

మొన్నామధ్య శనివారం ముగ్గురం వాడపల్లి స్వామి దర్శనానికి బయలుదేరాం. మావయ్యగారు అలవాటుగా ముందు తలుపు దగ్గరికి నడిచారు. అత్తయ్యగారు కర్ర పట్టుకుని వెనక తలుపు తీస్తున్నారు. ఎన్నడూ లేనిది నాకు ఎందుకో ఉక్రోషం తన్నుకొచ్చింది. "అత్తయ్యగారూ, ఇవాళ మీరు ముందు కూర్చోండి" అన్నాను.

ఆవిడ వద్దనలేదు. అంతకంటే ఆశ్చర్యమేముంది! చెప్పడమే ఆలస్యం, ఇటొచ్చి ఎక్కేశారు. మావయ్యగారు జీవితంలో మొదటిసారి కారు వెనక సీట్లో కూర్చున్నారు.

"ఓలమ్మా, ఇంత రోడ్డు కనపడుద్దా ఇక్కణ్ణుంచి!" అన్నారు అత్తయ్యగారు. దారంతా చిన్నపిల్లలా చేతులు చూపిస్తూనే ఉన్నారు. తరవాత ఉన్నట్టుండి, నా వైపు తిరక్కుండానే, "నాకూ తిప్పేదే అమ్మాయ్ వెనక కూర్చుంటే. ఎవరితో చెప్పుకుంటాను? పంటి బిగువున కూర్చునేదాన్ని" అన్నారు. ఇన్నేళ్ళూ నేను కక్కినప్పుడల్లా వీపు రాసిన మనిషి, తన కడుపు సంగతి ఒక్కనాడూ చెప్పలేదు.

రావులపాలెం దాటి గట్టు రోడ్డెక్కాక, వెనక నుంచి చిన్న మూలుగు వినబడింది. అద్దంలో చూస్తే మావయ్యగారి మొహం పాలిపోయి ఉంది. నుదుటి మీద చెమట. కారు పక్కకి ఆపాను. ఆయన తలుపు తీసుకుని దిగి, గట్టు వారనే వంగిపోయారు. నేను వెళ్ళి వీపు రాసి, నీళ్ళ సీసా ఇచ్చాను. పుక్కిలించి, కండువాతో మొహం తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళూ మీరిద్దరూ ఇలాగే వచ్చేవారామ్మా?" అన్నారు.

నన్నే చూసి. నాతోనే.

"ఆయ్, మావయ్యగారూ" అన్నాను. ఆయన తల వంచుకున్నారు. పెద్దాయన, పాపం అనిపించి, ముందుకొచ్చి కూర్చోమందామని కారు వైపు తిరిగాను.

అత్తయ్యగారు అప్పటికే ముందు తలుపు వేసేసుకుని, బెల్టు బిగించుకుని కూర్చున్నారు.

"నేను దిగను. ఆయన్ని కళ్ళు మూసుకుని కూర్చోమను, వచ్చేసేం" అన్నారు.

నేను కారు తీశాను.