గురిగిలో దాచిన పాట

మా అవ్వకు, అంటే మా అమ్మకు, వరి నాట్లప్పుడు పాడే ఒక పాట వచ్చేది. ఊళ్లో ఇంకెవరికీ అది పూర్తిగా వచ్చేది కాదు. అందుకే నా ఫోన్‌లో పాడించి ఉంచాను. ఫోన్ పాడైనప్పుడు పాట ఉన్న మెమరీ చిప్ తీసి, దాచమని అవ్వకే ఇచ్చాను.

ఆమె విత్తనాలు దాచినట్టే దాచింది. బూడిద, వేపాకు వేసి, చిన్న మట్టి గురిగిలో పెట్టి, మూతికి మన్ను మెత్తింది.

కొత్త ఫోన్ కొన్నాక ఇద్దరం జమ్మికుంటలో సెల్‌ఫోన్ల దుకాణానికి పోయాం. దుకాణదారు చిప్‌ను దులిపితే బల్లంతా బూడిదైంది.

"గిదేందవ్వా?"

"పురుగు పట్టద్దని పెట్టిన. పట్టిందా మరి?" అని అవ్వ గదమాయించింది.

"పట్టలే గని, పాటున్నదో లేదో చూడాలె."

నాకు భయమైంది. అప్పటికే అవ్వ సగం చరణాలు మరిచిపోయింది.

అతను చిప్ తుడిచి కంప్యూటర్‌కు పెట్టాడు. అవ్వ గొంతు ఖంగున మోగింది. మధ్యలో "ఓ బర్రె, నీ కాళ్లిరుగ, నా చీరె ఇడువే!" అని కూడా వినిపించింది.

"తిట్టు తీసేయాల్నా అవ్వా?"

"ఎందుకు బిడ్డా? నిజంగనే నమిలింది."

అతను పాటను నా కొత్త ఫోన్‌లో వేసి, పేరు పెట్టకుంటే తర్వాత దొరకదన్నాడు. నాకు అరవై ఏళ్లు దగ్గరపడ్డాక నేర్చిన అక్షరాలు, ఒక్కొక్కటే వెతికి "అవ్వ పాట" అని కొట్టబోయాను.

"అవ్వలు ఇంటికొకరున్నరు. బర్రె పాట అని రాయి, దొరుకుతది."

అలాగే రాశాను. ఇప్పుడది మా వాడలో ఆడవాళ్లందరి ఫోన్లలో ఉంది. నాట్లకు వచ్చే కొత్త కోడళ్లు తిట్టును కూడా చరణమే అనుకొని రాగం తీసి పాడుతున్నారు.