బొటనవేలి పరీక్ష

చెప్పుల షాపుల వాళ్ల బొటనవేలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పరుగెత్తడానికి మెత్తటి బూట్లు కావాలని అడిగితే చాలు, అట్టపెట్టె తెరిచి, బూటు లోపల బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, "చూడండమ్మా, దూదిలా ఉంది" అంటారు. మననీ నొక్కి చూడమంటారు. నొక్కుతాం. మెత్తగానే ఉంటుంది. పరుగెత్తేది బొటనవేలు కాదు కదా!

నాకు యాభై దాటాయి. ఉండేది తెనాలిలో, లెక్కలు చెప్పేది కొలకలూరు బడిలో. ఇన్నేళ్లూ ఆ ఊరికి బస్సులోనే వెళ్లొచ్చాను. ఒక్కసారైనా ఆ దారంతా పరుగెత్తి వెళ్లి, ఎక్కడా ఆగకుండా తిరిగి రావాలని పట్టుదల పుట్టింది. ఎవరి మెప్పు కోసమూ కాదు. ఇంట్లోనూ బడిలోనూ నా రోజును అందరూ పంచేసుకుంటారు. పొద్దున్నే రోడ్డు మీద ఉన్న కాసేపే నాది.

ఆ కాసేపటికీ ఎసరొచ్చింది. ఒక ఆదివారం నందివెలుగు దాకా వెళ్లి వస్తుంటే మడమ పట్టేసింది. మర్నాడు మంచం దిగి కాలు కింద పెట్టలేకపోయాను. డాక్టరు నొక్కి చూసి, "మంచి బూట్లన్నా వేసుకోండి, పరుగన్నా మానేయండి. అయినా ఈ వయసులో నడక చాలండి" అన్నాడు. ఆ చివరి మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

తెనాలిలో షాపు గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. "బాబుకా అమ్మా?" అన్నాడు షాపాయన.

"నాకేనండి. దూరం పరుగెత్తడానికి."

నా నెరిసిన జుట్టు నుంచి చీర కుచ్చిళ్ల దాకా చూసి, గులాబీ రంగు బూట్లు తెచ్చి ముందు పెట్టాడు. "వాకింగుకి చక్కగా ఉంటాయండి."

"వాకింగుకి కాదండి, పరుగుకి."

"రెండూ ఒకటేనండి" అని బొటనవేలితో నొక్కాడు. ఆయన ధీమా చూసి నేనూ నొక్కి, కొనేశాను. నాలుగు రోజులకే ఆ దూది కాస్తా అణిగిపోయి, కింద రోడ్డు మీది గులకరాళ్లు ఒక్కొక్కటీ మడమకు తెలిసొచ్చాయి.

తర్వాత బాపట్లలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు ఇంకో షాపు ఎక్కాను. ఈసారి వేసుకుని నడిచి చూస్తానన్నాను. షాపాయన నేల మీద పాత పేపరు పరిచాడు. "పేపరు దాటకండమ్మా. అడుగు మాసిపోతే ఇంక ఎవరూ కొనరు" అన్నాడు. పేపరు మీద ఇటు రెండడుగులు, అటు రెండడుగులు. దూరం పరుగెత్తే బూటుకు ఇదట పరీక్ష! పుచ్చకాయలమ్మేవాడు కూడా ముక్క కోసి చేతిలో పెడతాడు. కొనకుండా వచ్చేశాను. "హాయిగా నడిస్తే పోలా?" అన్నారు రైల్లో మావారు. తెనాలి స్టేషన్ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

చివరికి పరీక్షల డ్యూటీ మీద రేపల్లె వెళ్లినప్పుడు, సాయంత్రం మరో షాపుకి వెళ్లాను. అక్కడా గుమ్మం ముందే చెప్పులు విడిచాను. అక్కడా "బాబుకా అమ్మా?" అన్నారు. అదే బొటనవేలు, అదే పేపరు. మందపాటి అడుగున్న మగవాళ్ల బూట్లు తీయించి, తాళ్లు బిగించి, చీర కుచ్చిళ్లు పైకెత్తి దోపాను. పేపరు దాటాను. గుమ్మమూ దాటాను.

"అమ్మా, బయటికి వద్దండి, అమ్మా" అని వెనక నుంచి కేకలు. నేను అప్పటికే పరుగు అందుకున్నాను. బజ్జీల బండి దగ్గర జనం తినడం ఆపి చూశారు. సిగ్గేసింది, కానీ ఆగలేదు. వీధి చివర మలుపు దాకా వెళ్లి తిరిగాను. మడమ ఎక్కడుందో కూడా తెలియలేదు. ఆ సంతోషానికి నడివీధిలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరిగొచ్చేసరికి షాపాయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతిలో నా పాత చెప్పులు. నేను ఉడాయిస్తానని తాకట్టు పెట్టుకున్నట్టున్నాడు.

"అడుగు మాసిపోయిందండి, ఇంక వెనక్కి తీసుకోను" అన్నాడు.

"ఇస్తానని ఎవరన్నారండి?" అన్నాను, రొప్పుతూనే.

ఆయన కాస్త మెత్తబడి పెట్టె అందుకున్నాడు. "బాబుకి సైజు చాలకపోతే మాత్రం మమ్మల్ని అడక్కండమ్మా." ఇంతసేపూ కళ్లారా చూసి కూడా మనిషి ఆ మాటే అన్నాడు. పెట్టెలో నా చెప్పులు పెట్టించుకుని, ఆ బూట్లతోనే స్టేషన్‌కు నడిచాను.

కొన్నాళ్లకు ఒక ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాను. కొలకలూరులో బడి గేటు ముట్టుకుని వెనక్కి తిరిగాను. తెనాలి పొలిమేరలోకి వచ్చేసరికి చెమటకు కళ్లు మండుతున్నాయి గానీ మడమ మాత్రం నొప్పనలేదు. టీ బడ్డీ ముందు నిలబడ్డ పెద్దాయన గ్లాసు పట్టుకునే జాలిగా అడిగాడు.

"ఏంటమ్మా, బస్సు తప్పిపోయిందా?"

నిలబడి నాలుగు మాటలు అనాలనిపించింది. నిలబడితే మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చిన దారంతా వృథా అవుతుంది. నోరు మూసుకుని ఇంటిదాకా పరుగెత్తాను.