డాడీ తీయొద్దన్న తలుపు

కొంపల్లికి మారినప్పటి నుంచి మా వారు కంపెనీ పని మీద నెలలో సగం రోజులు ఊళ్లో ఉండరు. మొన్న బయల్దేరుతూ మా నాలుగేళ్ల పాపకు, "ఎవరొచ్చినా తలుపు తీయకు" అని మరీమరీ చెప్పారు.

ఆ ఉదయమే నేను చెత్తబండి దాకా వెళ్లొచ్చేసరికి పాప లోపల గడియ పెట్టేసింది. పొయ్యి మీద పాలు, ఉయ్యాల్లో చంటివాడి ఏడుపు! బతిమాలినా తిట్టినా "డాడీ వద్దన్నాడు" అంటుందే కానీ తీయదు.

ఎదురింటి పెద్దావిడ నన్నే కోప్పడింది. "నాయిన మాట వినే పిల్లను గట్ల తిడ్తవేంది?"

ఆవిడ ఫోన్‌ నుంచి ఆయనకు చేస్తే, నా మాట వినకుండానే "మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేశారు. చివరికి పాలు మాడిన వాసనకు భయపడి పాపే తీసింది.

నిన్న ఆయన వచ్చి బెల్ కొట్టారు. పరుగెత్తబోయిన పాపను పట్టుకుని, "మీటింగ్‌లో ఉన్నా" అని లోపలి నుంచే అరిచాను.