ముప్పై మూడు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్

రెండేళ్లుగా నా మాట ఒక్కరూ పట్టించుకోలేదు. మా మామిడి తోటల మధ్య ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మోయలేనంత లోడు మోస్తోందని కరెంటు ఆఫీసులో నాలుగు అర్జీలిచ్చాను. మొదటి అర్జీని ఇంజనీరు గారు నా కళ్లముందే టీ గ్లాసు కింద పెట్టుకున్నారు. గ్లాసు ముద్ర నా సంతకం మీద పడింది. కూర్చోమని కూడా అనలేదు. నాకు అన్నీ గుర్తే.

పక్క తోట ఆయన నాకు బావ వరస. ట్రాన్స్‌ఫార్మర్ అంచున ఆయిల్ చెమ్మ చూపిస్తే, "ఈ ఎండకి దానికి మాత్రం చెమట పట్టదేంటి? తువ్వాలు తెచ్చి తుడువు బావా" అని నలుగురిలో నవ్వించాడు. అదీ గుర్తే.

ఈ ఏడు చిన్నరసాలు విరగ కాశాయి. పిందెలు నిమ్మకాయంత అయ్యాయి. ఇప్పుడు వారం నీళ్లు ఆగితే రాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది వారంలో వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే హనుమాన్ జంక్షన్ వెళ్లి టాంగ్ టెస్టర్ కొనుక్కొచ్చాను. దాంతో తీగను పట్టకారులా పట్టుకుంటే, ఎంత కరెంటు పోతోందో అంకె చూపిస్తుంది.

మాది ఇరవై ఐదు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. ఒక్కో ఫేజు మీద ముప్పై మూడు ఆంపియర్ల దాకా మోస్తుంది. దాని మీద మా నలుగురు రైతులవి నాలుగు బోర్లు. కాగితాల్లో అన్నీ ఐదు హార్స్‌పవర్ మోటార్లే. ఒక్కోటి ఏడున్నర ఆంపియర్లు లాగినా మొత్తం ముప్పై. కాగితం మీద అంతా క్షేమం.

టెస్టర్ తెచ్చిన మర్నాడు పొద్దున కరెంటు వచ్చీ రాగానే ఫ్యూజు ఎగిరిపోయింది. కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్విచ్ నలుగురికీ ఉంది. నాలుగు మోటార్లూ ఒక్కసారి లేస్తే ఆ క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు లాగుతాయి. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు కట్టాడు. ఆటోలు తీయించి, ఒక్కో మోటారే వేసి చూద్దామని పట్టుబట్టాను.

"మళ్లీ మొదలెట్టారా బాబాయ్ గారూ" అంటూనే వెంట వచ్చాడు.

ముందు బావ మోటారు. టెస్టర్ పెట్టగానే పదకొండు! 

"పదకొండు బావా! చూడు!"

"ప్లేటు మీద ఐదు హార్స్‌పవరే గదా?" అన్నాడు బావ.

లైన్‌మన్ నవ్వాడు. "ప్లేటు పాతదేనండీ. లోపల రాగి తీగ చుట్టిన వైండింగే కొత్తది. ఏడున్నర హార్స్‌పవర్‌కి కట్టించుంటారు."

తర్వాతి రెండూ పదకొండే. నేను దాదాపు పరిగెడుతున్నాను.

"ఆగు, నీది మిగిలింది" అన్నాడు బావ.

నాదీ పదకొండే. పోయినేడు మోటారు కాలినప్పుడు, "కాస్త బలంగా కట్టమంటారా అండీ?" అని వైండింగ్ షాపతను అడిగితే, కట్టమన్నది నేనే.

"అర్జీలో ఇది రాశావా?" అన్నాడు బావ, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

రాయలేదు. ఒప్పుకున్నాను. అయినా నా ఉత్సాహం తగ్గలేదు. మొత్తం నలభై నాలుగు! నేను చెప్పింది నిజమే! మూడు వేస్తే సరిగ్గా ముప్పై మూడు, అంచుదాకా నిండినట్టు. ఈ ఎండలో ఆయిల్ చల్లారదు కాబట్టి అదీ వద్దన్నాను. రెండేసి మోటార్లు వంతులవారీగా వేద్దామన్నాను.

"సరే, ముందు నీది ఆపు" అన్నాడు బావ.

ఆపాను. ఒకటి వేశాక కాస్త ఆగి రెండోది వేశారు. లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టెస్టర్ పట్టి, "ఇరవై రెండు!" అని కేకేశాడు. ఫ్యూజు నిలిచింది. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆ రోజు నుంచి ఫ్యూజు పోలేదు. కానీ ఒక్కో తోటకి సగం నీళ్లే అందుతున్నాయి. పిందె రాలడం మొదలైంది. ఐదో అర్జీలో మొట్టమొదట నా మోటారు అంకె రాశాను, మిగతా మూడూ దాని కింద. నలుగురం సంతకాలు పెట్టాం. ఇంజనీరు గారూ, నా తప్పు నేను చెప్పాను. ఈ కాయ చెట్టు మీద ఉండగానే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తారా, ఇవ్వరా? ఏదో ఒకటి జవాబు చెప్పండి.